అడక్కుండా కట్ చేసిన డబ్బు అడక్కుండానే వెనక్కివ్వండి: బ్యాంకు బోర్డు డైరెక్టర్లకు బహిరంగ లేఖ

దేశంలోని ప్రభుత్వ, ప్రైవేటు బ్యాంకుల బోర్డు డైరెక్టర్లందరికీ నమస్కారం.

ఈ లేఖ బ్రాంచి మేనేజర్లకు కాదు. కౌంటర్లో కూర్చునే ఉద్యోగులకు అసలే కాదు. చార్జీ ఎందుకు కట్ అయిందని వాళ్లను అడిగితే "సిస్టమ్ తీసుకుందండీ, మా చేతుల్లో ఏమీ లేదు" అంటారు. ఆ మాట నిజమే, వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. ఆ సిస్టమ్ ఎవరి ఖాతాలో, ఎప్పుడు, ఎంత కట్ చేయాలో నిర్ణయించేది మీరు. మినిమం బ్యాలెన్స్ తగ్గినందుకు వేసే పెనాల్టీ విధానానికి బోర్డు ఆమోదం ఉండాలని రిజర్వు బ్యాంకు 2014 నవంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్లోనే రాసి ఉంది. అంటే మా ఖాతాల్లోంచి పోయిన ఆ డబ్బు వెనక మీ తీర్మానం ఉంది. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

నేను ఒక చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. ఆఫీసులో ఉన్నంతసేపూ ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఒక పరిమితి దాకా అప్పుగా వాడుకునే) ఖాతా స్టేట్‌మెంట్లు, ఇంటికొచ్చాక మా వాళ్ల పాస్‌బుక్కులు, చుట్టుపక్కల వాళ్ల పాస్‌బుక్కులు. "ఇదెందుకు కట్ అయిందో కాస్త చూసిపెట్టు" అని తెచ్చిస్తారు. అన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. డబ్బు తీసుకునేటప్పుడు బ్యాంకుకు ఎవరి దరఖాస్తూ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు, అర్ధరాత్రి దానంతట అదే జరిగిపోతుంది. అదే డబ్బు తప్పుగా తీసుకున్నారని తేలి తిరిగి ఇవ్వాల్సి వస్తే మాత్రం దరఖాస్తు కావాలి, ఆధార్ జిరాక్సు కావాలి, మేనేజర్ గారు సెలవు నుంచి రావాలి, హెడ్ ఆఫీసు నుంచి జవాబు రావాలి. ఈ తేడా పోవాలి. ఈ లేఖలో నేను అడిగేదంతా దీని గురించే.

ముందు మా చెల్లెలి సంగతి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ఖాతా చాలా ఇళ్లలో ఒకటి ఉంటుంది. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ వాళ్లే ఒక బ్యాంకులో శాలరీ అకౌంట్ తెరిపించారు, జీరో బ్యాలెన్స్ అన్నారు. కొన్నేళ్లకు ఇంకో ఉద్యోగానికి మారింది, అక్కడ వేరే బ్యాంకు. పాత ఖాతాలో జీతం పడటం ఆగిపోయాక అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిపోయింది. మారుస్తున్నామని ఫోన్ లేదు, ఉత్తరం లేదు. మెసేజ్ ఏదైనా వచ్చిందేమో అని తర్వాత వెతికితే లోన్ ఆఫర్లు, కార్డు ఆఫర్లు కుప్పలుగా ఉన్నాయి గానీ అది మాత్రం కనపడలేదు. ఖాతాలో మిగిలిన కాస్త డబ్బు నెలనెలా పెనాల్టీ కింద, ఆ పెనాల్టీ మీద 18 శాతం జీఎస్టీ కింద కరిగిపోయి సున్నాకు వచ్చింది. సరే, పోతే పోయింది, సున్నా అయ్యాక ఇంకేముంటుంది అనుకుంది. ఆ తర్వాత అమ్మ ఆసుపత్రి ఖర్చుకని ఒక బంధువు పొరపాటున ఆ పాత ఖాతాకే డబ్బు పంపారు. పడీ పడగానే అందులోంచి పెద్ద మొత్తం పోయింది. ఏంటని అడిగితే పాత నెలల పెనాల్టీలు "లీన్" లో (బాకీ కింద పట్టి ఉంచిన మొత్తంలో) ఉన్నాయి, డబ్బు రాగానే సిస్టమ్ తీసుకుంది అన్నారు.

ఇప్పుడు మీ బోర్డుకు పంపిన సర్క్యులర్ ఏం చెబుతోందో చూద్దాం. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నియమం ప్రకారం, బ్యాలెన్స్ తగ్గగానే పెనాల్టీ వేయడానికి లేదు. ముందు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ ద్వారానో, ఈమెయిల్ ద్వారానో, ఉత్తరం ద్వారానో స్పష్టంగా చెప్పాలి: మీ బ్యాలెన్స్ తగ్గింది, నెలలోపు సరిచేయకపోతే చార్జీ పడుతుంది అని. నోటీసు ఇచ్చిన రోజు నుంచి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా సరిచేయకపోతేనే చార్జీ వేయొచ్చు, అదీ తెలియజేసి. ఆ చార్జీ ఎంత తగ్గిందో దానికి తగ్గ నిష్పత్తిలో ఉండాలి గానీ అందరికీ ఒకే మొత్తం కాదు. ఉండాల్సింది రెండు వేలు అయితే, ఉన్నది పంతొమ్మిది వందలు అయితే, లోటు వంద రూపాయలు, పెనాల్టీ ఆ వంద మీద లెక్క కట్టాలి. చార్జీ సమంజసంగా ఉండాలి, ఆ సేవకు అయ్యే సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ చార్జీ వేయడం వల్లే ఖాతా నెగటివ్ బ్యాలెన్స్‌లోకి వెళ్లకూడదు.

ఈ చివరి వాక్యం రాసిన వాళ్ల ఉద్దేశం ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. డబ్బు లేనివాడి మీద డబ్బు లేదన్న కారణంగా అప్పు మోపవద్దు అని. మీరేం చేశారు? ఖాతాలో మైనస్ గుర్తు కనపడకుండా ఆ బాకీని పక్కన లీన్ పేరుతోనో, హోల్డ్ పేరుతోనో దాచిపెట్టి, ఎప్పుడు డబ్బు వస్తే అప్పుడు లాక్కుంటున్నారు. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ సున్నా అని ఉంటుంది. నిజంగా ఆ మనిషి మీకు బాకీ పడి ఉంటాడు, ఎంత బాకీయో అతనికే తెలియదు. నియమంలోని అక్షరం నిలబడింది, దాని ప్రాణం పోయింది. ఏ న్యాయవాదితో ఎంత బాగా సమర్థించుకున్నా సరే, ఇది ఆ నియమాన్ని పక్కదారి పట్టించడమేనని నా అభిప్రాయం, ఈ మాట మీ ఎదురుగా నిలబడి అయినా చెప్తాను.

ఆ లీన్ ఎవరి డబ్బు మీద పడుతోందో కూడా ఆలోచించండి. ఖాతాలో లక్షలు తిరిగే వాళ్లకు మినిమం బ్యాలెన్స్ సమస్యే రాదు. వచ్చేది ఉపాధి హామీ కూలి పడే ఖాతాకు, స్కాలర్‌షిప్ పడే పిల్లల ఖాతాకు, పింఛను పడే ఖాతాకు, నెలాఖరుకు ఊడ్చుకుపోయే జీతగాళ్ల ఖాతాకు. కూలి డబ్బు పడిన రోజున ఆ ఇంట్లో బియ్యం కొనే ముందే బ్యాంకు తన వాటా తీసేసుకుంటోంది. జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఉన్నాయి కదా, జన్ ధన్ ఖాతాలు ఉన్నాయి కదా అని మీరు అనొచ్చు. ఉన్నాయి. బేసిక్ సేవింగ్స్ ఖాతా ప్రతి బ్యాంకూ ఇవ్వాలని ఆర్బీఐ 2012 ఆగస్టులోనే చెప్పింది, దానికి మినిమం బ్యాలెన్స్ షరతు లేదు. కానీ బ్రాంచికి వెళ్లి ఆ ఖాతా కావాలని అడిగిన వాళ్లలో ఎంతమందికి దాని ఫారం ఇచ్చి, ఎంతమందికి మామూలు సేవింగ్స్ ఫారం చేతిలో పెట్టి పంపుతున్నారో మీ దగ్గర లెక్క ఉందా? పెనాల్టీలు కట్టి కట్టి అలసిపోయిన మనిషికి "మీ ఖాతాను బేసిక్ ఖాతాగా మార్చుకోవచ్చండీ" అని బ్యాంకు తనంతట తాను చెప్పిన సందర్భం నేను చూసిన పాస్‌బుక్కుల్లో, విన్న కథల్లో ఎక్కడా లేదు.

ఇంకో గొలుసు ఉంది, దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి. ఒకాయన బండి లోన్ ఈఎంఐ ప్రతి నెలా ఐదో తారీఖున కట్ అవుతుంది. సరిగ్గా సరిపడా డబ్బు ఖాతాలో పెట్టుకున్నాడు. నాలుగో తారీఖు రాత్రి బ్యాంకు ఏటీఎం కార్డు ఏడాది ఫీజో, ఎస్సెమ్మెస్ చార్జీయో, పాత పెనాల్టీయో తీసుకుంది. ఇప్పుడు ఈఎంఐకి కొన్ని రూపాయలు తక్కువ. ఈసీఎస్, అంటే ఖాతాలోంచి దానంతట అదే జరగాల్సిన ఆ చెల్లింపు, బౌన్స్. బౌన్స్ అయినందుకు బ్యాంకు రిటర్న్ చార్జీ, దాని మీద జీఎస్టీ. లోన్ ఇచ్చిన కంపెనీ వేరుగా బౌన్స్ చార్జీ. ఆ కంపెనీ రెండ్రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇప్పుడు రిటర్న్ చార్జీ కూడా పోయింది కాబట్టి బ్యాలెన్స్ ఇంకా తక్కువ, మళ్లీ బౌన్స్, మళ్లీ చార్జీ. సగటు బ్యాలెన్స్ పడిపోయింది కాబట్టి నెల తర్వాత మినిమం బ్యాలెన్స్ పెనాల్టీ. ఈఎంఐ ఆలస్యమైందని సిబిల్ స్కోరు తగ్గింది. మొదట్లో తక్కువైన ఆ కొన్ని రూపాయలు ఆ మనిషి ఖర్చు పెట్టుకున్నవి కావు, బ్యాంకు తీసుకున్నవి. ఇంత జరిగాక అతన్ని డబ్బు మీద అదుపు లేనివాడని మీ లోన్ విభాగం ముద్ర వేస్తుంది.

దీన్ని ఆపడం మీకు నిమిషాల పని. ఖాతాదారు ముందే మ్యాండేట్ ఇచ్చి ఉంచిన ఈఎంఐలు, బీమా ప్రీమియంలు ఏ రోజు రావాలో మీ సిస్టమ్‌కు తెలుసు. వాటి తర్వాతే మీ చార్జీ తీసుకోండి. సేవింగ్స్ ఖాతా మీద వడ్డీని 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ బ్యాలెన్స్ మీద లెక్క కడుతున్నారు, అంటే ప్రతి ఖాతాలో ప్రతి రోజూ ఎంత ఉందో మీ కంప్యూటర్ చూస్తూనే ఉంది. నెల సగటు తగ్గేలా ఉందని పదిహేనో తారీఖునే చెప్పగలదు. చెప్పదు.

ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాల గురించి నాకు ఇంకా కోపం ఉంది, ఎందుకంటే అది నా రోజువారీ పని. చిన్న వ్యాపారికి ఓడీ అంటే ఊపిరి. సరుకు కొన్న డబ్బుకూ, అమ్మిన డబ్బు చేతికి రావడానికీ మధ్య ఉన్న ఆ నెలా రెండు నెలలు దాని మీదే నడుస్తాయి. వాడుకున్నదానికి వడ్డీ కడతాం, అందులో అభ్యంతరం లేదు. ప్రతి ఏడూ రెన్యువల్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ చార్జీ, లిమిట్ పూర్తిగా వాడుకోకపోతే ఒక చార్జీ, లిమిట్ దాటితే ఒక చార్జీ, స్టాక్ స్టేట్‌మెంట్ (మా దగ్గరున్న సరుకు లెక్క) ఆలస్యమైతే ఒక చార్జీ, ఇవన్నీ ఆ ఓడీ ఖాతాలోనే డెబిట్ చేస్తారు. అక్కడే ఉంది అసలు సంగతి. ఓడీ ఖాతాలో డెబిట్ అయిన ప్రతి రూపాయీ మేం వాడుకున్న అప్పులో కలిసిపోతుంది, మరుసటి రోజు నుంచి దాని మీద వడ్డీ నడుస్తుంది. పెనాల్టీ మీద వడ్డీ, ఆ వడ్డీ మీద వచ్చే నెల మళ్లీ వడ్డీ.

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఈ విషయం మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. అప్పు షరతులు పాటించనందుకు వేసేదాన్ని పెనాల్టీ చార్జీగానే చూపాలి, వడ్డీ రేటుకు కలిపి పెనల్ ఇంట్రెస్ట్‌గా వసూలు చేయకూడదు, ఆ చార్జీల మీద మళ్లీ వడ్డీ లెక్క కట్టకూడదు అని. కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి 2024 జూన్ 30 లోపు అమలు చేయాలని గడువు ఇచ్చింది. పెనాల్టీ అనేది అప్పు క్రమశిక్షణ కోసమే గానీ ఆదాయం పెంచుకోవడానికి కాదని కూడా అందులోనే ఉంది. ఇలాంటి పెనాల్టీ చార్జీల మీద జీఎస్టీ పడదని 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది, 2025 జనవరిలో దాని మీద వివరణ కూడా వచ్చింది. ఇంత స్పష్టంగా ఉన్నా, మా సంస్థ ఓడీ ఖాతాలో స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యం చార్జీ, దాని మీద జీఎస్టీ, రెండూ కలిపి డెబిట్ అయి, ఆ మొత్తం మీద వడ్డీ నడిచింది. సర్క్యులర్ తేదీలతో సహా లెక్క వేసి రాతపూర్వకంగా అడిగితే, చాలా కాలం తర్వాత వడ్డీ, జీఎస్టీ రెండూ రివర్స్ చేశారు. నాకు ఫోన్ చేసి చెప్పిన ఆయన మర్యాదగానే మాట్లాడారు. "మీకు గుడ్‌విల్ కింద ఈ ఒక్కసారికి ఇస్తున్నాం సార్" అన్నారు.

ఆ మాట దగ్గర ఆగాలి. గుడ్‌విల్ అంటే దయ. మాకు రావాల్సిన డబ్బు మాకివ్వడం దయ ఎలా అవుతుంది? ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే నియమం, ఒకే తప్పు. మాకు జరిగింది అంటే ఆ బ్యాంకులో స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యంగా ఇచ్చిన ఇంకెంతమందికో అదే జరిగి ఉండాలి. వాళ్లలో లెక్కలు చూసే మనిషిని పెట్టుకున్న వాళ్లు కొందరే. మిగతావాళ్లు దుకాణం కట్టేసి రాత్రి పదింటికి ఇంటికెళ్లి స్టేట్‌మెంట్ చూసే ఓపిక లేనివాళ్లు. అడిగిన ఒక్కరికి గుడ్‌విల్ అని ఇచ్చి, ఆ తప్పు తప్పుగా ఎక్కడా నమోదు కాకుండా, అడగని వందమంది డబ్బు ఉంచేసుకోవడం. ఈ "వన్ టైమ్ వేవర్" పద్ధతి వెనక ఉన్నది ఇదే. ఒక ఫిర్యాదులో బ్యాంకు తప్పు బయటపడితే, అదే తప్పు జరిగిన ప్రతి ఖాతానూ మీరే వెతికి, ఎవరూ అడక్కుండానే తిరిగి జమ చేయాలి.

అది కుదరదని మాత్రం అనకండి. కుదిరిన సందర్భాలు నేను చెప్తాను.

2019 సెప్టెంబర్ 20న ఆర్బీఐ ఫెయిలైన లావాదేవీల మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారాన్ని ఖాతాదారు ఫిర్యాదు చేసే దాకా ఆగకుండా బ్యాంకే తనంతట తాను జమ చేయాలని అందులో ఉంది. నేను అడుగుతున్నది సరిగ్గా ఈ సూత్రమే, దాన్ని చార్జీలకు కూడా వర్తింపజేయమంటున్నాను.

2020లో కరోనా మారటోరియం (అప్పు వాయిదాలు కొన్నాళ్లు ఆపుకునే వెసులుబాటు) వచ్చినప్పుడు, మార్చి నుంచి ఆగస్టు దాకా వడ్డీ మీద పడిన వడ్డీని రెండు కోట్ల లోపు అప్పులున్నవాళ్లకు తిరిగి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. ఎవరూ ఫారం నింపలేదు. ఎవరూ లైన్లో నిలబడలేదు. నవంబర్ 5 లోపు ఖాతాల్లో జమ చేయాలని చెబితే మీరు చేశారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లి ఆ కాలానికి ఏ అప్పు మీదా చక్రవడ్డీ వద్దంటే, అది కూడా సర్దుబాటు చేశారు. 2020 జనవరి 1 తర్వాత రూపే కార్డు, యూపీఐ లావాదేవీల మీద వసూలు చేసిన చార్జీలు తిరిగి ఇచ్చేయమని ఆదాయపు పన్ను బోర్డు అదే ఏడాది ఆగస్టు 30న బ్యాంకులకు చెప్పింది. 2024 ఏప్రిల్ 29న ఆర్బీఐ, డబ్బు చేతికివ్వక ముందు నుంచే వడ్డీ లెక్కేయడం లాంటి పద్ధతులు తనిఖీల్లో బయటపడ్డాయని, అదనంగా తీసుకున్నది ఖాతాదారులకు తిరిగి ఇవ్వమని చెప్పామని ప్రకటించింది. కోట్ల ఖాతాల్లో వెనక్కి లెక్క కట్టి జమ చేయగల శక్తి మీ సిస్టమ్‌కు ఉంది. పైనుంచి ఎవరో చెప్పిన ప్రతిసారీ అది పనిచేసింది. మీ బోర్డు చెబితే కూడా పనిచేస్తుంది.

మొత్తం ఎంత డబ్బు సంగతి మాట్లాడుతున్నామో కూడా చెప్పాలి కదా. 2023 ఆగస్టులో రాజ్యసభలో ప్రభుత్వం ఇచ్చిన జవాబు ప్రకారం, 2018 నుంచి ప్రభుత్వ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి మినిమం బ్యాలెన్స్ లేదన్న కారణంతో 21 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాయి. అదనపు ఏటీఎం లావాదేవీలకు 8 వేల కోట్లకు పైగా, ఎస్సెమ్మెస్ చార్జీలు 6 వేల కోట్లకు పైగా, ఇవి వేరు. ఎస్సెమ్మెస్ చార్జీ నిజంగా పంపిన మెసేజ్‌ల లెక్కన ఉండాలని ఆర్బీఐ 2013లోనే చెప్పింది.

ఖాతా నడపడానికి ఖర్చవుతుంది, బ్రాంచి అద్దె, జీతాలు, కంప్యూటర్లు, ఇవన్నీ ఎక్కడి నుంచి రావాలి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో మినిమం బ్యాలెన్స్ షరతు ఎత్తేసింది, నిలబడింది. కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు అదే ఏడాది జూలై నుంచి ఎత్తేశాయి. వాళ్లకు నా నిండు కృతజ్ఞతలు, ఇది మంచి పని. అదే 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకు నెల సగటు 50 వేలు ఉండాలని చెప్పి, జనం వ్యతిరేకించాక కొద్ది రోజుల్లోనే 15 వేలకు తగ్గించింది. మినిమం ఎంత ఉండాలో బ్యాంకుల ఇష్టమని ఆర్బీఐ గవర్నర్ ఆ సమయంలోనే అన్నారు. సరే, ఎంత పెట్టాలో మీ ఇష్టమే అనుకుందాం. నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం కాదు. షరతు ఎత్తేసిన బ్యాంకులకు కూడా నా విన్నపం ఇదే: ముందుముందు తీసుకోకపోవడం ఒకటి, నోటీసు ఇవ్వకుండా అప్పటిదాకా తీసుకున్నది తిరిగివ్వడం ఇంకొకటి. రెండోది ఇంకా మిగిలే ఉంది.

బ్రిటన్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీల మీద ఖాతాదారుల తరఫున నడిచిన కేసు 2009 నవంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టులో బ్యాంకులకే అనుకూలంగా ముగిసింది. అయినా 2020 ఏప్రిల్ నుంచి, ముందు ఒప్పుకోని ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ వసూలు చేయకూడదని అక్కడి నియంత్రణ సంస్థ రూలు పెట్టింది. కోర్టులో గెలిచినంత మాత్రాన ఒక చార్జీ న్యాయమైపోదు.

ఇకపై మేం ఏం చేస్తామో కూడా దాచకుండా చెప్తాను. చార్జీ ఎక్కువైంది అని ఫిర్యాదు చేస్తే, అది బ్యాంకు వాణిజ్య నిర్ణయం అంటూ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అధికారి) దగ్గర పక్కన పడేసే వీలుంది, అది మీకూ తెలుసు, మాకూ తెలిసింది. కాబట్టి ఎంత వేశారని అడగం, ఎలా వేశారని అడుగుతాం. నెల ముందు నోటీసు ఏ తేదీన పంపారు, ఏ నంబర్‌కు పంపారు, చూపించండి అంటాం. లోటు ఎంత, దాని మీద ఎంత శాతం వేశారు, లెక్క ఇవ్వండి అంటాం. రెండేళ్లు ఏ లావాదేవీ లేక ఇనాపరేటివ్ అయిన ఖాతాలో పెనాల్టీ వేయకూడదని, దాన్ని మళ్లీ తెరవడానికి చార్జీ అడగకూడదని 2024 జనవరి 1న వచ్చిన ఆదేశం ప్రకారం ఇది ఎందుకు కట్ అయిందని అడుగుతాం. అన్నీ రాతలో, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని. ఫిర్యాదును పూర్తిగానో కొంతో తిరస్కరించే ముందు మీ బ్యాంకులోనే ఉండే ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ దాన్ని చూడాలి కదా, చూశారా లేదా అని కూడా అడుగుతాం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెడతాం. దానికి పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, ఏం చేయాలో తెలియని వాళ్లు 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. అక్కడా కుదరకపోతే వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. నష్టానికి ఏమాత్రం పొంతన లేని పెనాల్టీ విధించే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందం అని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే అంటోంది.

అయితే ఇదంతా చేయగలిగేది చదువు, తీరిక, ఓపిక ఉన్నవాళ్లు. మా ఇంటి దగ్గర పూలమ్ముకునే ఆవిడకు స్టేట్‌మెంట్ చూసి లీన్ అంటే ఏంటో తెలుసుకుని, సర్క్యులర్ తేదీ రాసి, ముప్పై రోజులు లెక్కపెట్టుకుని పోర్టల్లో ఫిర్యాదు పెట్టమని ఎలా చెప్తాం? పోయిన మొత్తం కన్నా తిరగడానికి అయ్యే ఆటో ఖర్చు, పోగొట్టుకునే బేరం ఎక్కువ. అందుకే ఆమె అడగదు. ఆమె అడగకపోవడం మీకు ఒప్పుకోలుగా కనపడుతోంది, అది ఒప్పుకోలు కాదు.

అందుకని మీ వచ్చే బోర్డు సమావేశం అజెండాలో ఈ విషయం పెట్టమని కోరుతున్నాను. 2015 ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా వేసిన ప్రతి మినిమం బ్యాలెన్స్ పెనాల్టీకి నెల ముందు నోటీసు వెళ్లినట్టు రుజువు ఉందో లేదో మీ ఆడిట్ విభాగంతో తనిఖీ చేయించండి. రుజువు లేని ప్రతి పెనాల్టీనీ, దాని మీద పడిన జీఎస్టీతో కలిపి, కనీసం సేవింగ్స్ వడ్డీ అయినా చేర్చి తిరిగి జమ చేయండి, దాని పక్కన స్టేట్‌మెంట్లో కారణం కూడా రాయండి, గుడ్‌విల్ అని కాదు, తప్పుగా తీసుకున్న చార్జీ అని. పెనాల్టీల కోసం లీన్ పెట్టడం పూర్తిగా ఆపండి. అది ఇప్పటికిప్పుడు చేయలేమంటే కూలి, పింఛను, స్కాలర్‌షిప్ డబ్బు నుంచి తీసుకోవడమైనా ఈ నెల నుంచే ఆపండి. శాలరీ ఖాతాను మామూలు ఖాతాగా మార్చే ముందు ఖాతాదారు సమ్మతి తీసుకోండి, సమ్మతి రాకపోతే బేసిక్ ఖాతాగా మార్చండి, పెనాల్టీ ఖాతాగా కాదు. ఓడీ ఖాతాల్లో పెనాల్టీలను వడ్డీ నడవని వేరే పద్దులో చూపండి. వ్యక్తులు, చిన్న సంస్థలు తీసుకునే టర్మ్ లోన్లకు (విడతలుగా తీర్చే అప్పులకు) ముందే ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే అప్పు ఖర్చులన్నీ రాసి ఇచ్చే కాగితంలో, లేని చార్జీని తర్వాత ఖాతాదారు సమ్మతి లేకుండా వేయకూడదని 2024 అక్టోబర్ నుంచి రూలు ఉంది. అలాంటి కాగితం ఒకటి ఓడీలకూ, సేవింగ్స్ ఖాతాలకూ ఇవ్వండి, వేసే ప్రతి చార్జీ అందులో ఉండాలి. నోటీసు మెసేజ్ మాకు అర్థమయ్యే భాషలో, మా దగ్గర తెలుగులో, ఎంత తగ్గింది, ఏ తేదీలోపు ఎంత వేయాలి అని రెండు వాక్యాల్లో పంపండి. ఏడాదికోసారి మీ వార్షిక నివేదికలో చార్జీల కింద ఎంత తీసుకున్నారో, ఎంత తిరిగిచ్చారో పక్కపక్కన రెండు అంకెలు వేయండి.

ఈ లేఖకు జవాబు నాకు విడిగా పంపనక్కర్లేదు. మీ బోర్డు ఏం నిర్ణయించిందో, ఏ తేదీ నుంచి అమలు చేస్తుందో మీ వెబ్‌సైట్లోనూ, ప్రతి బ్రాంచి నోటీసు బోర్డు మీదా, తెలుగు రాష్ట్రాల్లో తెలుగులో పెట్టండి.

ఇట్లు,
ఒక సేవింగ్స్ ఖాతాదారు, ఒక ఓడీ ఖాతా లెక్కలు చూసే ఉద్యోగి